బోర్లా పడితే బొబ్బట్లు సరే, ఏ నెలలో పడాలి?

మన ఇళ్ళలో పసిపిల్లల ఎదుగుదలను పిండివంటలతో లెక్కపెట్టేవాళ్ళు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు, పలికితే పంచదార చిలకలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి ఈ పట్టిక మారుతుంది. పాకితే పాయసం అనేవాళ్ళున్నారు, గడప దాటితే గారెలు అనేవాళ్ళున్నారు. ప్రాస కుదిరితే చాలు, పొయ్యి మీద మూకుడు ఎక్కినట్టే. ఇంత వివరంగా చెప్పిన పెద్దవాళ్ళు ఒక్క విషయం మాత్రం చెప్పకుండా వదిలేశారు. ఏ నెలలో?

నెలల లెక్క ఫోనుతో పాటు వచ్చింది. యాప్‌లో పుట్టిన తేదీ కొడితే చాలు, ఈ వారం మీ బిడ్డ ఇది చేయాలి, వచ్చే వారం అది చేయాలి అని మోగుతూనే ఉంటుంది. ఇంకోవైపు కుటుంబం వాట్సాప్ గ్రూపులో తోటికోడలి పాప సోఫా పట్టుకుని నిలబడిన వీడియో. "మనవాడు ఇంకా దోగాడట్లేదేంటి?" అని ఎవరో మామూలుగానే అడుగుతారు. ఆ తల్లికి మాత్రం ఆ రాత్రి నిద్ర ఉండదు. మా చెల్లెలి ఇంట్లో ఇది దగ్గరుండి చూశాను. వాళ్ళబ్బాయికి అప్పుడు తొమ్మిదో నెల. చక్కగా కూర్చుంటాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పిర్రల మీద జరుగుతూ ఈ మూల నుంచి ఆ మూలకు పోతాడు, దోగాడడం మాత్రం చేయడు. వారం రోజులు ఇంట్లో అదే చర్చ. కాళ్ళలో బలం లేదని ఒకరు, డైపర్ల వల్లేనని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు.

ఆ పిల్లాడికి ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో అర్థం కావాలంటే ఈ నెలల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

సగటుతో వచ్చిన తంటా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో పిల్లల ఎదుగుదలను కొలిచింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. బరువు, ఎత్తులతో పాటు పిల్లలు ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు నడిచారు అన్నది ఐదు దేశాల్లో (ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా) 816 మంది పిల్లల మీద గమనించారు. 2006లో వచ్చిన ఫలితాల్లో ప్రతి పనికీ ఒక తేదీ లేదు, ఒక వ్యవధి ఉంది. ఆసరా లేకుండా కూర్చోవడానికి 3.8 నెలల నుంచి 9.2 నెలలు. చేతులూ మోకాళ్ళ మీద దోగాడడానికి 5.2 నుంచి 13.5 నెలలు. ఒంటరిగా నిలబడడానికి 6.9 నుంచి 16.9. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు.

నడకకు తొమ్మిది నెలలకు పైగా తేడా ఉందన్నమాట. అంటే ఒకే రోజు పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరు తొమ్మిదో నెలలో, మరొకరు పదిహేడో నెలలో నడిచినా ఇద్దరూ మామూలు పిల్లలే. ఇద్దరి తల్లులూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటేనే ఇబ్బంది.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడనే లేదు. కొందరు పొట్ట మీద పాకారు, కొందరు పిర్రల మీద జరిగారు, కొందరు నేరుగా లేచి నిలబడ్డారు. మన భాషకు ఈ తేడా ముందే తెలుసు. పొట్ట నేలకు ఆనించి పోతే పాకడం, మోకాళ్ళ మీద పోతే దోగాడడం అని చాలా ఇళ్ళలో వేరువేరుగా అంటారు. మా చెల్లెలి కొడుకు చేసిన దానికి మాత్రం ఏ మాటా లేదు, ఏ పిండివంటా లేదు. అందుకే అంత కంగారు.

సగటు అనే మాట కూడా చాలా ఇళ్ళలో చిచ్చు పెడుతుంది. నడకకు సగటు వయసు ఇంచుమించు 12 నెలలు. సగటు అంటే దాదాపు సగం మంది ఆ తేదీ దాటాకే నడుస్తారని అర్థం. ఇంట్లో అది ఇంటర్ పాస్ మార్కు లాగా మారిపోతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టికల్లోనూ ఒకప్పుడు ఇదే చిక్కు ఉండేది. చాలా అంశాలను సగం మంది పిల్లలు చేయగలిగే వయసు దగ్గర రాసేవాళ్ళు. 2022లో వాటిని తిరగరాసి, నూటికి కనీసం 75 మంది చేయగలిగే వయసు దగ్గరికి జరిపారు. దోగాడడాన్ని పట్టికలోంచే తీసేశారు. మన ఫోన్లలోని యాప్‌లు అన్నీ ఈ మార్పు చేసుకున్నాయని అనుకోవద్దు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో లెక్కే వేరు. 40 వారాలకు పుట్టాల్సిన బిడ్డ 32వ వారంలో పుడితే, ఆరో నెల వచ్చేసరికి ఆ బిడ్డను నాలుగు నెలల బిడ్డగా చూడాలి. ముందు పుట్టిన వారాలను తీసేసి చూసే ఈ పద్ధతిని రెండేళ్ళ దాకా పాటిస్తారు. టీకాలకు మాత్రం ఈ మినహాయింపు ఉండదు, వాటిని పుట్టిన తేదీ నుంచే లెక్కపెడతారు. ఈ తేడా తెలియక టీకాలు వాయిదా వేసేవాళ్ళున్నారు.

నేల, నలుగు, వాకర్

ఒకే వయసు పిల్లల్లో ఇంత తేడా ఎందుకు? కొంత పుట్టుకతో వస్తుంది, కొంత మనం పెంచే తీరు నుంచి వస్తుంది. కెన్యాలో కిప్సిగిస్ అనే తెగ తల్లులు పసిపిల్లలను గుంట తీసి కూర్చోబెట్టడం, చేతులు పట్టి నడిపించడం పనిగట్టుకుని చేస్తారు. 1970ల్లో అక్కడ పరిశోధన చేసినవాళ్ళు ఆ పిల్లలు అమెరికా పిల్లల కంటే ఒక నెల ముందుగా కూర్చుంటున్నారని, నడుస్తున్నారని చూశారు. దోగాడడంలో మాత్రం ముందు లేరు, ఎందుకంటే అది ఎవరూ నేర్పలేదు. పరాగ్వే అడవుల్లోని ఆచే తెగవాళ్ళు పాములూ పురుగులూ ఉన్న నేల మీద పిల్లల్ని దించరు, చంకలోనే మోస్తారు. వాళ్ళ పిల్లలు ఏడాదిన్నర దాటాకే నడుస్తారు. తర్వాత మిగతావాళ్ళలాగే చెట్లెక్కుతారు.

ఈ కళ్ళతో మన ఇంటిని చూస్తే కొన్ని సంగతులు కొత్తగా కనిపిస్తాయి. మెడ నిలవడానికి, వీపు గట్టిపడడానికి పిల్లల్ని మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టమని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. అమ్మమ్మలు కాళ్ళు చాపుకుని, బిడ్డను ఆ కాళ్ళ మీద బోర్లా వేసుకుని, వీపుకు నూనె పట్టించి నలుగు పెట్టినప్పుడు జరిగింది ఇదే. రోజుకు పావుగంట కసరత్తు, పైగా కబుర్లతో కలిపి. అయితే అదే స్నానంలో ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, ముక్కు నొక్కి సాగదీయడం, సాంబ్రాణి పొగ ముఖానికి పట్టడం కూడా ఉండేవి. నలుగు ఉంచుకుని వీటిని వదిలేయొచ్చు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే.

నేల సంగతీ అంతే. మంచం ఎత్తు, టైల్స్ చలువ, దుమ్ము అనే భయాలతో అపార్ట్‌మెంట్లలో పిల్లలు రోజంతా పరుపు మీదే ఉంటున్నారు. మెత్తటి పరుపు మీద చేతులు కూరుకుపోతాయి, తోసుకోవడానికి ఆనిక దొరకదు. ఒక పాత బొంత నేల మీద పరిస్తే చాలు.

ఇక వాకర్. ఎనిమిదో నెల రాగానే ఎవరో ఒకరు దాన్ని బహుమతిగా తెస్తారు. పేరులో నడక ఉంది కాబట్టి నడిపిస్తుందని నమ్మకం. నిజానికి అందులో పిల్లలు మునివేళ్ళతో నెట్టుకుంటూ జారుతారు. బరువు మోయడం, తూలకుండా నిలబడడం రెండూ నేర్చుకోరు. మెట్ల మీంచి దొర్లడం, పొయ్యి మీద గిన్నె అందుకోవడం వంటి ప్రమాదాలు అదనం. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన పాత చెక్క మూడు చక్రాల బండి, అదే బిడ్డ నిలబడి తోసుకుంటూ పోయేది, దీనికంటే మేలు. అందులో బిడ్డ తన కాళ్ళ మీద తాను నిలబడాలి.

పట్టికలో లేని వంటలు

బొబ్బట్ల పట్టిక తేదీ అడగకపోవడం దాని గొప్పతనం. దాని లోపం వేరే. నవ్వు, పలుకు తప్పిస్తే మిగతా అంతా కాళ్ళూ చేతుల వ్యవహారమే. బిడ్డ కళ్ళు, చెవులు, వేళ్ళు చేసే పనులకు అక్కడ చోటు లేదు. డాక్టర్లు ఎక్కువ గమనించేది వాటినే.

నెలన్నర, రెండు నెలలకు బిడ్డ మన ముఖం చూసి నవ్వుతుంది. అంతకుముందు నిద్రలో వచ్చే నవ్వు వేరు, ఇది మనకిచ్చే జవాబు. ఆరేడు నెలలకు బబ్బబ్బ, దద్దద్ద, తత్తత్త మొదలవుతాయి. పెదవులతో, నాలుక కొసతో సులువుగా పలికే శబ్దాలు ఇవి. తెలుగింట్లో తాత, అత్త ముందుగా గెలిచేది అందుకే, వాళ్ళ మీద ప్రేమ ఎక్కువై కాదు. ఎనిమిదో నెల దగ్గర దోబూచులాట బాగా రక్తి కడుతుంది. కొంగు వెనక్కి వెళ్ళిన అమ్మ లేకుండా పోలేదని, అక్కడే ఉందని బిడ్డకు అప్పుడే తెలుస్తోంది. తొమ్మిది, పది నెలలకు నేల మీద పడ్డ మరమరాన్ని బొటనవేలు, చూపుడువేలు కలిపి తీస్తుంది. ఏడాది దగ్గర టాటా చెబుతుంది, చప్పట్లు కొడుతుంది, కావలసినదాన్ని చేత్తోనో వేలితోనో చూపిస్తుంది. వేలితో చూపించడం చిన్న పనిలా ఉంటుంది కానీ, నేను చూస్తున్నది నువ్వూ చూడు అని ఇంకో మనిషిని పిలవడం అది. మాటలన్నీ దాని వెనకే వస్తాయి.

చెవుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వినికిడి లేని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగా ఉంగా అంటారు, నవ్వుతారు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఏడాదిన్నర దాటాక 'మాటలు ఆలస్యం, వాళ్ళ నాన్నా అంతే' అంటూ ఇంకొంత కాలం గడిచిపోతుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే, బిడ్డ నిద్రలో ఉండగానే, చెవి దగ్గర చిన్న పరికరం పెట్టి కొన్ని నిమిషాల్లో చేసే పరీక్ష ఉంది. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అన్నది డాక్టర్లు పాటించే లెక్క. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఆ పరీక్ష చేశారా అని అడగండి. మాటల కోసం వసకొమ్ము అరగదీసి నాకించడం మన దగ్గర పాత అలవాటు, వసపిట్ట అనే మాట కూడా ఉంది. మాట వచ్చేది చెవిలోంచి, నాలుక మీది వసలోంచి కాదు. వసలో ఉండే ఒక రసాయనం హానికరమని అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించారు.

ఇంత వ్యవధి ఉన్నప్పుడు ఎప్పుడు కంగారు పడాలి అంటే, దానికీ కొన్ని గుర్తులున్నాయి. మూడు నెలలు దాటినా ముఖం చూసి నవ్వకపోవడం, ఐదో నెలకూ మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోవడం, ఏడాదికి శబ్దాలూ సైగలూ ఏవీ లేకపోవడం, 18 నెలలకూ నడవకపోవడం. ఏడాదిలోపు ఒక చెయ్యే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచడం కూడా చూపించాల్సిన విషయమే. 'ఎడమచేతివాటం, వాళ్ళ మేనమామ పోలిక' అని మురిసిపోయే వయసు కాదది. వీటన్నిటికంటే ముఖ్యమైనది, వచ్చిన పని పోవడం. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోతే, ఉన్న పలుకులు ఆగిపోతే, ఏ వయసైనా వెంటనే తీసుకెళ్ళాలి. ఆలస్యంగా రావడం వేరు, వచ్చింది పోవడం వేరు.

వీటికి పెద్ద ఆసుపత్రికే పోనక్కర్లేదు. ఆశా కార్యకర్తలు పుట్టిన 42 రోజుల్లోపు ఆరుసార్లు, ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి రావాలన్నది ప్రభుత్వ ఏర్పాటు. టీకాలు రాసే తల్లీబిడ్డల కార్డులోనే ఎదుగుదల బొమ్మలు, ప్రమాద సూచనలు ఉంటాయి, ఎవరూ ఆ పేజీలు తిప్పరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల లోపాలకు జిల్లా స్థాయిలో కేంద్రాలు పెట్టారు. అక్కడ పరీక్షలు, ఫిజియోథెరపీ ఉచితం. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫోనులో వీడియో తీసుకెళ్తే సగం పని అయినట్టే. కొత్త మనిషిని చూడగానే బిడ్డ చేసే పనులన్నీ మానేసి ఏడుస్తుంది మరి.

తిండి గురించి క్లుప్తంగా. ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్ళు కూడా వద్దు. అన్నప్రాశన ఆరో నెలలో పెట్టడం ఇక్కడ శాస్త్రంతో బాగానే కుదిరింది. అయితే చాలా ఇళ్ళలో ఆ రోజు పరమాన్నం నాకించి, మళ్ళీ రెండు నెలలు పాలతోనే నెట్టుకొస్తారు. ఆ వయసులో పాలలోని ఇనుము సరిపోదు. మెత్తటి అన్నం, పప్పు, నెయ్యి, గుడ్డు, ఆకుకూర మొదలుపెట్టాలి, మిక్సీలో నీళ్ళలా కొట్టకుండా. తేనె ఏడాది దాకా చుక్క కూడా వద్దు, బొట్యులిజం అనే జబ్బు భయం. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం పొడి తెచ్చుకోండి, గేదెలకు దాణాగా పోకుండా చూసుకోండి. పుట్టినప్పటి బరువు ఐదో నెలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. అంటే రెండో ఆర్నెల్లలో పెరుగుదల సహజంగానే నెమ్మదిస్తుంది. 'చిక్కిపోయాడు, పాలు సరిపోవట్లేదు' అనే మాట సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

పిల్ల ఏడుపు, పెద్దల అలక

ఎనిమిదో నెలలో మరో మైలురాయి ఉంది, దానికి వంట లేకపోగా గొడవలు ఉన్నాయి. కొత్త ముఖం చూస్తే ఏడవడం. అయినవాళ్ళెవరో కానివాళ్ళెవరో బిడ్డకు తెలిసిందని దీని అర్థం. తెలుగింట్లో ఇది వచ్చే సమయమే చెడ్డది. బాలింత పుట్టింట్లో ఉంటుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి పంపుతారు, కొందరు ఇంకా ఆలస్యంగా వెళ్తారు. బిడ్డ అమ్మమ్మ ఒంటి వాసనకు అలవాటు పడి, నానమ్మ చేతులు చాపగానే గుక్కపట్టి ఏడుస్తుంది. "మా దగ్గరికి రానివ్వకుండా పెంచారు" అనే మాట వచ్చేస్తుంది. నాలుగు రోజులు ఒకే గదిలో, మీద పడకుండా, ఆడుకుంటూ కూర్చుంటే బిడ్డే వస్తుంది. ఆ నాలుగు రోజులే ఎవరూ ఓపిక పట్టరు.

అమెరికాలోని మనవాళ్ళకు దీని మీద వీసా ఒకటి. అక్కడ చట్టం ఇచ్చే సెలవు 12 వారాలు, అదీ జీతం లేకుండా. అందుకే పురుటికి అమ్మావాళ్ళు, వాళ్ళు వెళ్ళగానే అత్తమామలు. విజిటర్ వీసా మీద ఒక విడతకు సాధారణంగా 6 నెలలే ఉండనిస్తారు. లెక్క చూడండి: అమ్మమ్మ వెళ్ళిపోయేది, నానమ్మ దిగేది సరిగ్గా బిడ్డ ముఖాలు గుర్తుపట్టే వయసుకే.

మన దగ్గర 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు కాబట్టి, ఉద్యోగంలో తిరిగి చేరేటప్పుడు బిడ్డకు చాలాసార్లు నాలుగైదు నెలలే. కూలికి పోయే తల్లికి, ఇళ్ళలో పనిచేసే తల్లికి అదీ లేదు. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి చట్టప్రకారం ఒక్కరోజు కూడా లేదు. బిడ్డ మొదటి అడుగు అమ్మానాన్నల కంటే ముందు ఆయా చూస్తుందని బాధపడేవాళ్ళను నేనెరుగుదును. ఎవరు చూస్తేనేం, బిడ్డ మళ్ళీ సాయంత్రం వేస్తుంది కదా అంటే వాళ్ళకు నచ్చదు.

తల్లి సంగతి ఏ పట్టికలోనూ లేదు. కాన్పయిన రెండు వారాల దాకా ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా దిగులు, నిద్ర లేకపోవడం, బిడ్డ మీద ఏమీ అనిపించకపోవడం ఉంటే అది జబ్బు, మందు ఉన్న జబ్బు. 'అందరం కన్నాం, మాకు లేదే' అనకుండా డాక్టర్‌కు చూపించాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

మా చెల్లెలి కొడుకు పద్నాలుగో నెల దాటాక ఒకరోజు పిర్రల మీద జరుగుతూ జరుగుతూ గోడ పట్టుకుని లేచాడు, పది రోజుల్లో నడిచాడు. ఆ అరిసెల రోజు అమ్మను అడిగాను, నేనెప్పుడు నడిచానని. "నువ్వా? ఏడాది నిండకముందే గునగునా తిరిగేదానివి" అంది. అరిసెలు వండారా అంటే, "విడిగా వండలేదు. అప్పుడు సంక్రాంతికి వండినవే ఉంటే వాటి మీద నడిపించాం" అంది. నేను పుట్టింది కార్తీకంలో. వేళ్ళ మీద లెక్కపెట్టి పద్నాలుగో నెల అవుతుందని చెబితే అమ్మ ఒప్పుకోలేదు. ఆ ఏడు సంక్రాంతి ముందే వచ్చి ఉంటుందంది.